శరత్ బాబు: ప్రతినాయకుడు లేని సంఘర్షణము

తెలుగునాట ఒక తరము చదువరులకు శరచ్చంద్ర చటోపాధ్యాయుడు పరాయి రచయితగా తోచనే లేదు. చక్రపాణిగారు, బొందలపాటి శివరామకృష్ణగారు మున్నగువారి అనువాదములలో ఆయన నవలలు ఇంటింటికిని చేరినవి. చేపల చెరువును, పల్లకియు, వేసవి మధ్యాహ్నపు మామిడితోపును వంగదేశమువే యైనను, ఆ వదినె మరుదుల తగవు మాత్రము తమ వీధిలోనిదే యని వారు తలచిరి. 1953లో దేవదాసు, 1957లో తోడికోడళ్ళు, 1961లో బాటసారి చలనచిత్రములుగా వచ్చినపుడు కూడ చూచువారికి పరాయితనము తోపలేదు.

కథకు సంఘర్షణము ప్రాణమని అందరు నందురు. దానిని కల్పించు సులభమైన మార్గమొకటి కలదు. ఒక మంచివానిని, ఒక చెడ్డవానిని ఎదురెదురుగా నిలిపి, చివరకు చెడ్డవానిని ఓడించుటయే ఆ మార్గము. శరత్ బాబు కథలలోను చెడ్డవారు లేకపోలేదు. కాని ముడి వారిచేతిలో నుండదు. ఇరువురు మంచివారు, ఒకరినొకరు ప్రేమించువారు, ఒకే యింటిలో నుండి, ఎవరి న్యాయము వారికి సరియైనదిగా కనబడుచుండ, ఒకరి గుండె నొకరు చీల్చుకొందురు. ఎవరిని నిందింపవలెనో చదువరికి తెలియదు. ఈ విద్య ఆయనకు పుస్తకములవలన అబ్బినది కాదు.

1876 సెప్టెంబరు 15వ తేదీన హుగ్లీ జిల్లాలోని దేవానందపురమను పల్లెలో ఆయన జన్మించెను. తండ్రి మోతీలాలు, తల్లి భువనమోహిని. మోతీలాలు చదువుకొన్నవాడు, సున్నితహృదయుడు; ఏ ఉద్యోగమునను నిలువజాలనివాడు. ఆయన కథలు వ్రాసెడివాడు, నాటకములు వ్రాసెడివాడు, నవలలు మొదలుపెట్టెడివాడు. ఒక్కటియు ముగించి యెరుగడు. బాలుడైన శరత్తు ఆ వ్రాతప్రతులను దొంగతనముగా తీసి చదివి, కథ ఆగినచోట తానాగలేక, ఆ పిమ్మట ఏమి జరిగియుండునో యని రాత్రులు నిద్రలేక ఆలోచించెడివాడట. ముడి పడినది, విప్పువాడు లేడు. కథారచనలో ఇంతకు మించిన పాఠశాల మరొకటి యుండదు.

ఇల్లు గడవక ఆ కుటుంబము భాగల్పూరులోని మాతామహుని పంచ చేరెను. అది పెద్ద సంసారము. మేనమామలు, వారి బిడ్డలు, పెద్దల కట్టుబాట్లు. గోలీలాడుట తప్పు, గాలిపటమెగురవేయుట తప్పు. అందరికిని అన్నమున్నది, ఐనను ఆ అన్నము తమది కాదని తల్లికి తెలియును, కొడుకునకును తెలియును. ప్రేమించువారి యింటనే పరాధీనులై బ్రదుకుట యెట్టిదో శరత్తు బాల్యముననే గ్రహించెను. కాఠిన్యము చూపిన వారెవ్వరు? ఎవ్వరును లేరు. బాధ మాత్రము కలదు.

ఆ కట్టుబాట్లకు వెలుపల రాజు అను ఒక చెలికాడుండెను. రాజేంద్రనాథుడని పూర్తి పేరు. రాత్రివేళ గంగలో పడవ నడుపుటకు, పాముల పొదలలో దూరుటకు, శవమును మోయుటకు వెనుదీయని సాహసి. ఒకనాడతడు ఎటు పోయెనో మరి రాలేదు. తరువాతి కాలమున శ్రీకాంత్ నవలలో ఇంద్రనాథుడుగా వెలసినవాడు ఇతడే. ఇంటిలోని విధేయుడైన బాలుడును, గంగమీది స్వేచ్ఛాజీవియు శరత్తు మనసులో కడవరకు కలిసి కాపురముండిరి. వారికి పొత్తు కుదరలేదు. ఆయన నాయకులనేకులు ఇల్లు కోరుచు ఇంటిలో నిలువలేనివారగుటకు మూలమిచటనే యున్నది.

1894లో ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. ఎఫ్.ఏ. చదువు ప్రారంభమైనది గాని పరీక్షరుసుము చెల్లించుటకు సొమ్ము లేక చదువు ముగిసెను. 1895లో తల్లి మరణించెను. అటు తరువాత కొంతకాలము బనైలీ సంస్థానమున కొలువు, కొంతకాలము కాషాయవస్త్రములతో దేశసంచారము. ఈ నడుమ భాగల్పూరు మిత్రులతో కలిసి ఒక సాహిత్యసభను నడపి, ఛాయ యను లిఖిత పత్రికను వెలయించెను. అటుపిమ్మట నవలారచయిత్రిగా పేరొందిన నిరుపమాదేవి ఆ సభలోని సభ్యురాలే. బడదీది, దేవదాసు ఈ కాలమున వ్రాయబడినవి.

దేవదాసును అచ్చువేయించుటకు శరత్ బాబు చాలకాలము సంకోచించెను. అది 1917లో గాని గ్రంథముగా వెలువడలేదు. ఆయన సంకోచము అకారణము కాదు. కథలో ముడి పడిన తీరు మాత్రము అసాధారణము. పార్వతి తన పరువును లెక్కచేయక అర్ధరాత్రమున ఒంటరిగా దేవదాసు గదికి వచ్చును. దేవదాసు ఆమెను ప్రేమించును, తల్లిదండ్రులను ధిక్కరింపజాలడు. కలకత్తాకు పోయి, ప్రేమలేదన్నట్లు ఒక ఉత్తరము వ్రాసి, అది చేరకముందే పశ్చాత్తాపపడి తిరిగివచ్చును. అప్పటికి పార్వతి అభిమానము మేల్కొన్నది. నిన్న కాళ్లమీద పడిన పిల్ల నేడు తలయెత్తి నిలిచినది. ఇచట శత్రువెవ్వడు? ఒక రోజు ఆలస్యము. ఇంతవరకు కథ ఉక్కువలె నున్నది. ఆ మీద మాత్రము నాయకుడు త్రాగుట తప్ప మరేమియు చేయడు. సంఘర్షణము చల్లారి జాలి మిగులును. లోకము ఆ జాలినే మెచ్చినది. రచయిత మెచ్చలేదు.

తండ్రి మరణానంతరము, 1903లో, ఆయన ఓడ యెక్కి బర్మాకు పోయెను. పోవుటకు ముందు మందిర్ అను కథను మేనమామవరుసయైన సురేంద్రనాథుని పేర ఒక పోటీకి పంపగా దానికి ప్రథమ బహుమానము వచ్చెను. తన పేరు పెట్టుకొనుటకు కూడ వెనుదీసిన మనిషి.

మనవారు రంగమని పిలుచు రంగూను పట్టణమది. ఆ దినములలో విశాఖ, గోదావరి మండలములనుండి వేలకొలది తెలుగువారు అక్కడి రేవులోను బియ్యపు మిల్లులలోను కూలి చేసి బ్రదుకుచుండిరి. ఒడ్డు దాటినవానికి కులము సడలును, ఇల్లు దూరమగును, కొత్త బంధములేర్పడును. స్వదేశపు ధర్మశాస్త్రము మాత్రము మనసులో వెంటాడుచునే యుండును. శరత్ బాబు మొదట రైల్వే ఆడిట్ కార్యాలయమున, పిమ్మట పబ్లిక్ వర్క్సు లెక్కల కార్యాలయమున గుమాస్తాగా పనిచేసెను. ప్రభుత్వపు లెక్కలు వ్రాయుచు, పద్దులు సరిచూచుచు, మేలధికారి పిలుపునకు లేచుచు, పదమూడేండ్లు గడపెను. వంగ నవలాలోకమును అటుపిమ్మట ఏలిన చేయి అన్నాళ్లు లెక్కల పుస్తకములమీద నడచినదన్న సంగతి, కార్యాలయములలో జీవితము గడపువారికి ఆసక్తి గొలుపకపోదు.

ఆయన గౌరవనీయుల వాడలో కాపురముండలేదు. బొటాటాంగ్, పజున్‌డాంగ్ ప్రాంతమున కర్మాగారములలో పనిచేయు మిస్త్రీల నడుమ ఒక కొయ్యయింటిలో నుండెను. వారికి ఉత్తరములు, అర్జీలు వ్రాసిపెట్టెడివాడు, హోమియోపతి మందులిచ్చెడివాడు, తగవులు తీర్చెడివాడు. పగలు కార్యాలయమున ప్రతి మనిషియు ఒక కాగితము, అనుమతించుటయో, తిరస్కరించుటయో. సాయంకాలము వాడకు వచ్చుసరికి ఆ కాగితముల వెనుకనుండు కడుపులు, కన్నీళ్లు ఎదురగును. నియమమును అమలుపరచు గుమాస్తాయు ఆయనయే, నియమము క్రింద నలిగినవాని ఉత్తరము వ్రాయువాడును ఆయనయే. రెండు పక్షములను లోపలినుండి ఎరిగినవాడు గనుకనే వాదములో ఏ పక్షమునను దొంగసాక్ష్యము పలికింపలేదు.

ఆ వాడలోనే ఒక మిస్త్రీ తన కూతురిని త్రాగుబోతైన వృద్ధునకు కట్టబెట్టబోగా, ఆ పిల్ల వచ్చి శరత్ బాబును శరణు జొచ్చెననియు, ఆయన ఆమెను పెండ్లాడెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఆమె పేరు శాంతిదేవి. వారికొక కొడుకు పుట్టెను. 1908లో ప్లేగు వచ్చి తల్లిని బిడ్డను గూడ తీసికొనిపోయెను. కొంతకాలమునకు ఆయన మోక్షద యను యువతిని వివాహమాడి, ఆమెకు హిరణ్మయి యని పేరిడెను. ఆమె కడవరకు తోడుండెను, సంతానము కలుగలేదు.

1912లో ఇల్లు కాలిపోయెను. పుస్తకములు, ఆయన వేసిన వర్ణచిత్రములు, చరిత్రహీన్ నవల వ్రాతప్రతి అగ్నికి ఆహుతియైనవి. ఆ నవలను ఆయన మరల మొదటినుండి వ్రాసెను.

ఇంతలో వంగదేశమున ఒక చిత్రము జరిగియుండెను. స్నేహితులవద్ద వదలివచ్చిన బడదీది 1907లో భారతి యను వంగ మాసపత్రికలో ఆయనకు తెలియకయే వెలువడెను. మొదట రచయిత పేరు లేదు. రవీంద్రనాథుడే మారుపేర వ్రాయుచున్నాడని పలువురు భ్రమించిరి. రచయిత రంగూనులో పద్దులు కూడుకొనుచుండెను. ఆరేండ్లు గడచిన పిమ్మట 1913లో జమున యను చిన్న పత్రిక కొరకు సంపాదకుడు ఫణీంద్రనాథ్ పాల్ పట్టుబట్టగా మరల కలము పట్టెను. రామేర్ సుమతి, బిందూర్ ఛేలే ఆ విధముగ వెలువడినవి. కథలో సంఘర్షణము పుట్టు విధమును తెలిసికొనగోరువారికి ఈ రెండింటికి మించిన పాఠములు దొరకుట అరిది.

రామేర్ సుమతిలో రాముడు తల్లిలేని అల్లరి పిల్లవాడు. సవతి అన్న భార్యయైన నారాయణి వానిని కన్నబిడ్డవలె పెంచినది. ఆ యింటికి నారాయణి తల్లి దిగంబరి వచ్చి చేరును. రాముడు నడివాకిట రావిమొక్కను నాటును, ఆమె పెరికివేయును. చెరువులో కార్తికుడు, గణేశుడు అని పేర్లు పెట్టి వాడు మురిసిపోవు రెండు పెద్దచేపలున్నవి. వానిలో ఒకదానిని పట్టించి కూర వండించును. ఒక మొక్క, ఒక చేప. పెద్దలకు పట్టని వస్తువులివి. ఆ పిల్లవానికి మాత్రము ప్రపంచమే కూలినది. తుదకు వాడు కోపముతో ముసలిదానిపై విసరిన జామకాయ వదినె నుదుట తగులును. తనకు ప్రాణమైనదానినే గాయపరచితినని వానికి తెలిసిన క్షణమున కథ పరాకాష్ఠ నందుకొనును. నారాయణి స్థితి ఇంకను కఠినము: ఒకవంక కన్నతల్లి, ఒకవంక కనని కొడుకు. దిగంబరియు రాక్షసి కాదు. అల్లునింట తన స్థానమేమో తెలియక భయపడుచున్న ఆశ్రితురాలు. భాగల్పూరున తనవంటివారిని చూచినవాడు గనుక శరత్ బాబు ఆమెనును పూర్తిగ ద్వేషింపలేదు.

బిందూర్ ఛేలేలో ఇద్దరు తోడికోడండ్రు. పెద్దామె అన్నపూర్ణ తన పసిబిడ్డ అమూల్యుని, మూర్ఛలతో బాధపడు ధనవంతుల పిల్ల బిందు ఒడిలో ఉంచును. మూర్ఛలు పోవును, బిడ్డ బిందు కొడుకగును. ఇరువురు తల్లులు, ఒకడే కొడుకు. ఇంత ప్రేమయున్నచోట కలహమెచటినుండి వచ్చును? ఆ ప్రేమనుండియే వచ్చును. పిల్లవాడు చెడు సహవాసమున పడి బడిలో జరిమానా కట్టవలసి వచ్చినపుడు, బిందు శిక్షించునను భయముతో కన్నతల్లి రహస్యముగ సొమ్మిచ్చును. బిందునకు తెలియును. ఆమె గర్విష్ఠి, ఎవరి సంపాదనతో ఈ యిల్లు నడచుచున్నదో అనదగని మాట యొకటి అనును. పెద్దామె ఒట్టు పెట్టుకొనును. సంసారము రెండగును. వృద్ధుడైన పెద్దన్న మరల కొలువునకు పోవును. ఒక్క మాట! అది నోరు జారిన మరుక్షణముననే బిందు పశ్చాత్తాపపడినది. కాని వెనుకకు తీసికొనుటకు అభిమానము ఒప్పదు. ఇరువైపులను మనసు కలిసియున్నది, ఇరువైపులను నోరు మూతపడినది. మన యిండ్లలో ఏండ్ల తరబడి మాటలు లేని అక్కచెల్లెండ్రను చూచినవారికి ఈ కథకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ కథలతో పేరు మారుమ్రోగినను, చరిత్రహీన్ కు మాత్రము మర్యాద దొరకలేదు. అపుడు నూతనముగ వెలువడుచుండిన భారతవర్ష పత్రికవారు దానిని చదివి నిరాకరించిరి. సావిత్రి యను యువతి ఒక వసతిగృహమున దాసి. ఆమెకు నాయికాస్థానమిచ్చుట అసభ్యముగా తోచెను. శరత్ బాబు ఒక అక్షరమును మార్చుటకు అంగీకరింపక జమునలో కొంతభాగము ప్రకటించెను. 1917లో గ్రంథముగ తెచ్చెను. శీలము లేదని లోకము వెలివేసిన స్త్రీయందే శీలమును చూపుట ఆయన పట్టుదల. లోకాపవాదమునకు భయపడి ఆ ముడిని ఆయన వదులుచేసి యుండినచో కథయే యుండెడిది కాదు.

1916లో ఆరోగ్యము చెడినది. కార్యాలయమున పైయధికారితోను పొసగలేదు. ఒక కలకత్తా ప్రచురణకర్త నెలకు 100 రూపాయలిత్తునని మాట యియ్యగా ఉద్యోగము వదలి తిరిగివచ్చి హౌరాలో కాపురము పెట్టెను. ఆ యేడే పల్లీసమాజ్ గ్రంథముగ వెలువడెను.

ఈ నవలలో ఒక వానాకాలపు ఘట్టము కలదు. ఎడతెగని వర్షమునకు నూరు బిఘాల పొలము నీట మునిగినది. గట్టు తెంచినచో నీరు పోవును, రైతు బ్రదుకును. కాని ఆ గట్టున కావలనున్న మడుగులో ఏటేట 200 రూపాయల చేపలమ్ముదురు. గట్టు తెగిన అవి కొట్టుకొనిపోవును. ఆ మడుగునకు మువ్వురు భాగస్థులు. పట్నమున చదివివచ్చిన రమేశుడొకడు, బేణీ ఘోషాలను కపటియొకడు, రమ యను వితంతువు మూడవది. బేణీ ఒప్పుకొనడని రమేశునకు తెలియును. రమ ఒప్పుకొనునని నమ్మకము. వారిరువురికిని బాల్యమున పెండ్లి తలపెట్టబడియుండెను, ఆ అనురాగము చావలేదు. అతడామె వాకిట నిలిచి అడుగును. రమ కాదనును.

ఎందుకు కాదనవలెను? ఆ ఆస్తి ఆమెది కాదు, బాలుడైన తమ్మునిది. సంరక్షకురాలుగా దానిని నష్టపరచుటకు ఆమెకు అధికారము లేదు. అంతేకాక, రమేశుని మాటకు వెంటనే ఒప్పుకొనినచో ఊరిలో నాలుకలు లేచును. ఆమె చెప్పిన కారణము సత్యమే, చెప్పని కారణమును సత్యమే. రమేశుడు ఆమెను నీచురాలని నిందించి, తానే పోయి గట్టు తెంచును. ఆమె కావలి పంపిన అక్బరు అను కర్రసాము యోధుడు రక్తసిక్తుడై తిరిగివచ్చును; బేణీ ఎంత పురికొల్పినను రమేశునిపై ఫిర్యాదు చేయుటకు మాత్రము ఒప్పుకొనడు. తన్ను ఓడించిన చేతియందు అతనికి గౌరవము కలిగినది. రమకును ఆ వార్త విన్నపుడు, తన ఆజ్ఞ భంగమైనందుకు దుఃఖము రాలేదు. గుండెమీది రాయి తొలగినట్లుండెను. తాను ఓడవలెనని కోరుచు పోరాడిన స్త్రీ ఆమె.

ఈ ఒక్క ఘట్టమున నూరు బిఘాలు, 200 రూపాయలు, ఒక గట్టు, ఇద్దరు ప్రేమికులు, ఒక ఊరి నోరు చేరియున్నవి. బేణీ దుష్టుడే, అతనిని కథనుండి తీసివేసినను గట్టుమీది తగవు నిలిచియే యుండును. రమను తీసివేసినచో నిలువదు. పిదప న్యాయస్థానమున ఆమె నిజమును పూర్తిగ చెప్పక రమేశుని చెరసాలకు పంపును. ఏ అపనిందకు జడిసి ఆమె ఇంత చేసెనో ఆ అపనింద ఆమెను వదలలేదు. తమ్ముని రమేశుని చేతిలోనే పెట్టి కాశికి పోవును. వితంతు వివాహము చేసి సుఖాంతము గావింపరాదాయని ఆ కాలమున ఆయన నడిగినవారు కలరు. ఊరు మారక ముందు కథలో పెండ్లి జరిపించుట ఆయనకు అబద్ధముగ తోచియుండవచ్చును.

1917లో శ్రీకాంత్ మొదటి భాగము వెలువడెను. నాలుగవ భాగము 1933లో. ఈ నవలలో రంగూను జీవితమంతయు కలదు. అభయ యను స్త్రీ తన్ను వదలి బర్మాకు పోయిన భర్తను వెదకుచు, రోహిణియను పరిచితుని తోడు తీసికొని సముద్రము దాటి వచ్చును. ఆ భర్త బర్మా స్త్రీతో కాపురము చేయుచున్నాడు. వాని ఉద్యోగమునకు సంబంధించిన వ్యవహారము శ్రీకాంతుని బల్లమీదికే వచ్చును. కాగితము, మనిషి మరల ఎదురుపడిరి. శ్రీకాంతుని జోక్యము వలన అభయ భర్తను చేరి, దెబ్బలు తిని, తిరిగివచ్చి రోహిణితో జీవించుటకు నిశ్చయించుకొనును. శ్రీకాంతుడు ఆమెను సమర్థింపనులేడు, ఖండింపనులేడు. అదే నవలలో అన్నదాదీది, పాములవాడై మతము మార్చుకొనిన భర్తవెంట సర్వమును వదలిపోయి పాతివ్రత్యమును నిలుపుకొన్నది. ఇరువురికిని ఆయన నమస్కరించెను. ఏది ధర్మమని నిర్ణయించు భారము చదువరిపై బడినది.

అన్ని చోట్లను ఇట్టి నిగ్రహము పాటింపబడెనని చెప్పుటకు వీలులేదు. నిష్కృతిలో అన్నదమ్ముల వ్యాజ్యము ముదిరి పాకాన పడిన పిమ్మట, పరధ్యానియైన పెద్దన్న గిరీశుడు తమ్ముని శిక్షింపబోయి, ఆస్తినంతయు అతని భార్యపేర వ్రాసివచ్చును. చదువునపుడు నవ్వును కన్నీరును కలిసి వచ్చును. పుస్తకము మూసిన పిదప, వ్యాజ్యములింత తేలికగ తీరునాయని సందేహమును వచ్చును. కన్నీరు మితిమీరినదని, పురుషులందరు నిశ్చయములేని వారని, స్త్రీలందరు అన్నము వడ్డించి విసనకర్ర విసరువారేయని విమర్శకులనిరి. అందు కొంత నిజమున్నది. ఐనను 1920లో వెలువడిన గృహదాహ్ లో అచల యను నాయిక మహిమ్, సురేశ్ అను ఇద్దరి నడుమ ఎటును స్థిరపడజాలక తన యింటిని తానే దహించుకొనును. అచట కన్నీటికి చోటు లేదు.

1921 ప్రాంతమున దేశబంధు చిత్తరంజన్ దాసుని పిలుపున ఆయన కాంగ్రెసులో చేరి, హౌరా జిల్లా సంఘమునకు అధ్యక్షుడయ్యెను. చాలకాలము ఆ పదవిలో నుండెను. ఆ దినములలోనే, 1922లో, మహేశ్ అను చిన్నకథ వ్రాసెను. అనావృష్టిలో గఫూరు అను నేతగాడు తన కడుపు మాడ్చుకొని, ఇంటికప్పు గడ్డి పీకి, మహేశ్ అను ముసలి ఎద్దును మేపుచుండును. ఊరి జమీందారు బ్రాహ్మణుడు, గోభక్తుడు, గడ్డిపరక యియ్యడు. ఎండవేళ కూతురు అమీనా ఎంతో ప్రయాసపడి తెచ్చిన నీటికుండను ఆ ఎద్దు పడద్రోసి నీరు త్రాగును. గఫూరు ఒడలు తెలియని కోపమున నాగలికొయ్యతో కొట్టును. ఎద్దు చచ్చును. ఊరిలో దానిని ప్రేమించినవాడు గఫూరొక్కడే, చంపినవాడును అతడే. ఆ రాత్రి కూతురిని వెంటబెట్టుకొని, ఎన్నడును పోనని తానన్న జనపనార మిల్లునకు కూలిగా పోవును. ఉన్న పళ్లెమును చెంబును గూడ మహేశ్ ప్రాయశ్చిత్తమునకని వదలిపోవును. ఇందు జమీందారుపై తిట్టు ఒక్కటియు లేదు. అక్కర లేకపోయినది.

1926లో పథేర్ దాబీ నవల వెలువడినది. సవ్యసాచి యను విప్లవవీరుని కథ. రంగభూమి మరల బర్మాయే. ప్రతులు వెంటవెంటనే చెల్లిపోయినవి; 1927 ప్రారంభమున ప్రభుత్వము నిషేధించెను. రవీంద్రనాథుడు బహిరంగముగ నిరసింపవలెనని శరత్ బాబు కోరెను. రవీంద్రుడు అంగీకరింపలేదు; రాజ్యమును ధిక్కరించు గ్రంథము వ్రాసినవాడు దాని ఫలితమునకు సిద్ధపడియుండవలెనని ఆయన అభిప్రాయము. శరత్ బాబు మిక్కిలి నొచ్చుకొనెను. జీవితాంతము గురువుగా నెంచిన మహనీయునితో వచ్చిన ఈ వైమనస్యమున ఎవరిది తప్పు? ఒకరు దేశాభిమాని, రెండవవారును దేశాభిమానియే. ఇరువురి మాటలును తూకమునకు నిలుచునవే. శరత్ బాబు వ్రాసిన కథలలో ఒకటి ఆయన యింటికే నడచివచ్చినట్లున్నది.

1923లో కలకత్తా విశ్వవిద్యాలయము జగత్తారిణీ పతకమును, 1936లో ఢాకా విశ్వవిద్యాలయము డాక్టరు పట్టమును ఇచ్చి గౌరవించినవి. రూపనారాయణ నదీతీరమున సామ్తా గ్రామ సమీపమున ఇల్లు కట్టుకొని, పల్లెవారికి మందులిచ్చుచు, కుక్కలను పక్షులను పెంచుచు కొన్నియేండ్లు గడపెను. 1934లో కలకత్తాలో మరియొక ఇల్లు కట్టించెను. కాలేయమున పుట్టిన పుట్టకురుపు వ్యాధి ముదిరి, శస్త్రచికిత్స ఫలింపక, 1938 జనవరి 16వ తేదీన కలకత్తాలోని ఒక చికిత్సాలయమున మరణించెను.

పథేర్ దాబీపై నిషేధము మరుసటి యేడు తొలగినది. శేషేర్ పరిచయ్ అను నవలను ఆయన సగమున విడిచిపోగా, కవయిత్రి రాధారాణీదేవి మిగిలిన ప్రకరణములు వ్రాసి పూర్తిచేసెను. అది 1939లో గ్రంథముగ వెలువడెను.